యాభైలో బీపీ, డెబ్భైలో జ్ఞాపకం

బీపీకి నొప్పి ఉండదు. అందుకే యాభై ఏళ్ల మనిషికి డాక్టరు "కొంచెం ఎక్కువుంది" అని చెప్పినా, ఏదో పని టెన్షన్ అయ్యుంటుందిలే అని సరిపెట్టుకుంటాడు. ఆ "కొంచెం" చాలా ఏళ్ల తర్వాత ఎక్కడ తేలుతుందో లండన్‌లోని ప్రభుత్వోద్యోగుల మీద జరుగుతున్న ఒక అధ్యయనం చూపించింది.

వైట్‌హాల్-2 అనే ఈ అధ్యయనం 1985లో మొదలైంది. 35 నుంచి 55 ఏళ్ల వయసున్న 10,308 మందిని చేర్చుకుని, కొన్నేళ్లకోసారి పరీక్షలు చేస్తూ వచ్చారు. 50వ ఏట పై బీపీ 130 లేదా అంతకు మించి ఉన్నవాళ్లకు తర్వాతి కాలంలో డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు, ఎక్కువగా వచ్చింది. గుండెజబ్బు, పక్షవాతం లాంటివేవీ రానివాళ్లలోనూ అంతే. విచిత్రమేమిటంటే, అదే బీపీ 60లోనో 70లోనో ఉన్నవాళ్లలో ఆ సంబంధం కనిపించలేదు.

ఎందుకిలా? ఒక కారణం రక్తనాళాలు. శరీరం బరువులో మెదడు వాటా 2 శాతమే, కానీ విశ్రాంతిగా ఉన్నప్పుడు మనం ఖర్చుపెట్టే శక్తిలో సుమారు 20 శాతం అదే లాక్కుంటుంది. దాని లోతట్టు భాగాలకు రక్తం చేరేది చాలా సన్నని నాళాల ద్వారా. రక్తపు ఒత్తిడి ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ గోడలు మందమై, బిరుసెక్కుతాయి. ఒక్కో చోట రక్తం చాలక చిన్న చిన్న దెబ్బలు తగులుతాయి. మనిషికి తెలియను కూడా తెలియదు. అలా యాభైలో మొదలైన ఒత్తిడికి ఈ దెబ్బలు పేర్చడానికి పాతికేళ్ల వ్యవధి దొరుకుతుంది. డెబ్భైలో మొదలైనదానికి అంత సమయం ఉండదు.

రెండో కారణం ఇంకా ఆసక్తికరం. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్ మార్పులు మతిమరుపు బయటపడటానికి పది పదిహేనేళ్ల ముందే మెదడులో మొదలవుతాయి. ఆ మధ్యకాలంలో జబ్బే మనిషి బరువునూ, బీపీనీ తగ్గించేస్తుంది. నడివయసులో ఊబకాయం ముప్పు అని తేలితే, ముసలితనంలో సన్నబడినవాళ్లలోనే డిమెన్షియా ఎక్కువ కనిపించడం ఇందుకే. కేవలం డెబ్భై దాటినవాళ్లనే లెక్కలోకి తీసుకుంటే "లావుంటే మెదడుకు మంచిది" అనే వింత తీర్మానానికి వచ్చేస్తాం. వచ్చినవాళ్లూ ఉన్నారు!

నిద్ర విషయంలోనూ ఇదే చిక్కు. జబ్బు నిద్రను చెడగొడుతోందా, నిద్రలేమి జబ్బు తెస్తోందా? వైట్‌హాల్ లెక్కల్లో 50, 60, 70 ఏళ్లు మూడింటిలోనూ తక్కువ నిద్రపోయినవాళ్లకు, మామూలుగా 7 గంటలు పడుకున్నవాళ్లకంటే ముప్పు సుమారు 30 శాతం ఎక్కువ. యాభైలోనే కొలిచారు కాబట్టి అనుమానం కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు.

2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు మార్చుకోదగ్గ కారణాలు 14 లెక్కగట్టింది. అవన్నీ లేకుండా పోతే ప్రపంచంలో 45 శాతం డిమెన్షియా కేసుల్ని ఆపడమో, వాయిదా వేయడమో సాధ్యమట. ఇది జనాభా మొత్తానికి వేసిన లెక్క. ఫలానా మనిషికి ముప్పు సగమవుతుందని కాదు. నడివయసు కారణాల్లో అన్నింటికంటే పెద్ద వాటా చెడు కొలెస్ట్రాల్‌ది, వినికిడి లోపానిది, చెరో 7 శాతం. కళ్లజోడుకు లేని నామోషీ చెవి మిషన్‌కు ఎందుకో గానీ, చాలామంది దాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు.

ఇవన్నీ గమనించి చెప్పినవి. మందు ఇచ్చి చూస్తే? అమెరికాలో స్ప్రింట్ అనే ప్రయోగంలో 9,361 మందిని రెండు జట్లు చేసి, ఒకరి పై బీపీని 120 లోపు, మరొకరిది 140 లోపు ఉంచాలని లక్ష్యం పెట్టారు. మొదటి జట్టులో డిమెన్షియాకు ముందు దశ అనదగ్గ స్వల్ప మతిమరుపు 19 శాతం తక్కువ వచ్చింది. డిమెన్షియా కూడా తగ్గింది కానీ, అది కాకతాళీయం కాదని చెప్పడానికి కేసులు చాలలేదు. గుండెకు మేలు స్పష్టంగా కనబడటంతో ఇక పోల్చి చూడనక్కర్లేదని ఆ ప్రయోగ చికిత్సను అనుకున్నదానికంటే ముందే, మూడేళ్లు దాటగానే ఆపేశారు. యాభైలో మొదలైనదాన్ని డెబ్భై అయిదు దాకా వెంబడించే ప్రయోగం మాత్రం ఇంతవరకు జరగలేదు.