వంశంలో ఉందా, పొగలో ఉందా? గుండె జబ్బుకు మూడో లెక్క

టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి, కనిగిరి, కలిగిరి. పొగాకు వేలం కేంద్రాలున్న ఈ ఊళ్లలో నలభై ఐదేళ్ల మనిషికి గుండెపోటు వస్తే మొదట వినపడే మాట, 'వాళ్ల వంశంలోనే ఉంది' అని. అందులో నిజం లేకపోలేదు. అయితే పుట్టుకతో వచ్చిన జన్యువుకూ, రోజూ పీల్చే పొగకూ మధ్య ఇంకో లెక్క నడుస్తుంది. దాని పేరు ఎపిజెనెటిక్స్, అంటే జన్యువు అక్షరాలు మారకుండానే దాని పని మారడం. ఈ పదం బ్రిటిష్ శాస్త్రవేత్త వాడింగ్టన్ 1942లో పెట్టింది.

మన డీఎన్ఏ అక్షరాల్లో సైటోసిన్ అనే అక్షరం పక్కనే గ్వానిన్ అనే అక్షరం ఉండే చోట్లు దాదాపు 2.8 కోట్లు. అక్కడి సైటోసిన్‌కు మిథైల్ అనే చిన్న రసాయన ముక్క అతుక్కుంటుంది. జన్యువు మొదట్లో అది దట్టంగా పడితే మామూలుగా ఆ జన్యువు పని ఆగుతుంది, ఊడిపోతే మొదలవుతుంది. అక్షరం మాత్రం మారదు. జన్యువుల పనిని ఇలా అదుపు చేయవచ్చని 1975లో అమెరికాలో రిగ్స్, బ్రిటన్‌లో హాలిడే, ప్యూ విడివిడిగా ప్రతిపాదించారు.

గుండె వైపు నుంచి దారి వేసింది బ్రిటిష్ వైద్య పరిశోధకుడు డేవిడ్ బార్కర్. పుట్టినప్పుడు, ఏడాది వయసులో బరువు తక్కువున్న మగవారిలో గుండె జబ్బు మరణాలు ఎక్కువని 1989లో ఆయన బృందం చూపింది. మనకు ఇంకా దగ్గరి సాక్ష్యం మైసూరుది. అక్కడి ఒక ఆసుపత్రిలో 1934–54 మధ్య పుట్టిన 517 మందిని పెద్దయ్యాక పరీక్షించి 1996లో ఫలితాలు ప్రచురించారు. 2.5 కిలోలు, అంతకన్నా తక్కువ బరువుతో పుట్టినవారిలో 11 శాతానికి గుండె జబ్బు ఉంది. 3.2 కిలోలు, ఆ పైన ఉన్నవారిలో 3 శాతానికే. కారణం మిథైల్ గుర్తులేనా అన్నది మైసూరు లెక్కతో తేలదు. 1944–45లో నెదర్లాండ్స్‌లో వచ్చిన డచ్చి కరువులో కడుపున పడినవారిని అరవై ఏళ్ల తరవాత చూస్తే, ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువుపై మిథైల్ తగ్గి ఉందని 2008లో బయటపడింది.

1876–78 ధాత కరువు నెల్లూరు సీమనూ ఊపేసింది. ఆ ఆకలి గుర్తులే ఇప్పటి మనవళ్లలో ఉన్నాయనడం తొందరపాటు. పిండం ఏర్పడిన తొలి రోజుల్లో పాత మిథైల్ గుర్తులు చాలావరకు తుడిచిపెట్టుకుపోతాయి.

పొగ విషయంలో సాక్ష్యం గట్టిది. 2011లో జర్మనీ పరిశోధకులు పొగ తాగేవారి రక్తంలో ఎఫ్2ఆర్ఎల్3 అనే జన్యువుపై మిథైల్ తగ్గిందని కనుక్కున్నారు. రక్తం గడ్డకట్టేటప్పుడు థ్రాంబిన్ అనే ఎంజైము ఇచ్చే కబురును ప్లేట్‌లెట్లకు అందించే గ్రాహకాన్ని తయారుచేసేది ఈ జన్యువే. గుండె ధమనులు పూడినప్పుడు ఆ పూడికపై గడ్డ కట్టేదీ ప్లేట్‌లెట్లే కాబట్టి ఈ పేరు హృద్రోగ నిపుణుల చెవిన పడింది. ఏహెచ్ఆర్ఆర్ అనే మరో జన్యువుపై మార్పు ఇంకా స్పష్టం. ఆకు కాలితే పుట్టే విషాలకు శరీరం స్పందించే దారిని అదుపు చేసేది ఆ జన్యువు. అందుకే ఎక్కువ తాగేకొద్దీ దాని మిథైల్ తగ్గుతుంది. గర్భిణి తాగితే బిడ్డ బొడ్డుతాడు రక్తంలోనూ ఈ మార్పు దొరికింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో పొయ్యి పొగ గొట్టాల్లోంచి బయటికి పోతుంది, ఆకుకు వేడే తగులుతుంది. తడి ఆకు తెంపేవారికి నికోటిన్ చర్మంలోకి దిగి వాంతులు, తల తిప్పడం వస్తాయి. అది నిజమైన బాధే, కాని వేరే బాధ. ఏహెచ్ఆర్ఆర్ గుర్తు వేసేది ముఖ్యంగా కాలిన ఆకు.

ఊరటనిచ్చే లెక్క 2016లో వచ్చింది. 16 అధ్యయనాల్లోని 15,907 మంది రక్తం చూస్తే, పొగ మానిన 5 ఏళ్లలో చాలా గుర్తులు ఎన్నడూ తాగనివారి స్థాయికి చేరాయి. కొన్ని మాత్రం 30 ఏళ్లయినా పోలేదు.

మరి ఈ మిథైల్ గుర్తుల పరీక్ష మనం చేయించుకోవాలా? ఇప్పటికి అక్కర్లేదు. రక్తం నుంచి తీసిన డీఎన్ఏను బైసల్ఫైట్‌తో శుద్ధి చేస్తే మిథైల్ లేని సైటోసిన్ మారిపోతుంది, ఉన్నది నిలుస్తుంది. ఆ చర్య సగంలో ఆగితే లేని మిథైల్ ఉన్నట్టు కనిపిస్తుంది. పైగా తెల్ల కణాల్లో ఒక్కో రకానికి ఒక్కో తీరు మిథైల్ ఉంటుంది. జ్వరమొచ్చి వాటి పాళ్లు మారితే ఫలితమూ మారుతుంది. పొగ వల్ల పడిన గుర్తే జబ్బు తెస్తోందా, పొగకు సాక్షిగా మిగిలిందా అన్నదీ పూర్తిగా తేలలేదు.

ఫోలిక్ ఆమ్లం మింగితే మిథైల్ పెరిగి గుండె బాగుపడుతుందనే ప్రచారాన్ని నమ్మొద్దు. 2006లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరీక్షలో 5,522 మందిలో దాదాపు సగం మందికి అయిదేళ్లపాటు రోజుకు 2.5 మి.గ్రా. ఫోలిక్ ఆమ్లంతో పాటు బి6, బి12 ఇచ్చారు, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు. గుండె జబ్బుతో ముడిపెట్టే హోమోసిస్టీన్ అనే ఆమైనో ఆమ్లం రక్తంలో తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. గర్భిణులకిచ్చే 500 మైక్రోగ్రాముల మాత్ర సంగతి వేరు, దాన్ని మానకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు బీపీ, షుగర్, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) కాగితాలతో పాటు ఎన్నేళ్లు, రోజుకెన్ని బీడీలో చుట్టలో కచ్చితంగా రాసుకుని వెళ్లండి. పుట్టినప్పటి బరువు తెలిస్తే అదీ చెప్పండి. మానడానికి సాయం కావాలంటే కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356.