డొమైన్ మనదే, మరి మెయిల్ ఎందుకు తిరిగొస్తోంది? రివర్స్ డీఎన్‌ఎస్ మీద అపోహలు - వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల రొయ్యల ఎగుమతి ఆఫీసులు, రైస్ మిల్లులు, లేసు వ్యాపారుల మెయిల్ సర్వర్లు చూసుకోవడం నా పని. నాకొచ్చే ఫోన్లలో ఎక్కువగా వినపడే మాట ఒకటే: "ఇన్‌వాయిస్ పంపామండి, సెంట్‌లో కనపడుతోంది. అవతల పార్టీ రాలేదంటున్నాడు." కంటైనర్ బయల్దేరాక కాగితాలు అందకపోతే ఆ ఆఫీసులో ఎంత టెన్షనో దగ్గరుండి చూశాను. అలాంటి చోట్ల చాలాసార్లు తప్పు రివర్స్ డీఎన్‌ఎస్‌లోనే, అంటే సర్వర్ ఐపీ నంబరును (ఇంటర్నెట్‌లో దాని చిరునామాను) బట్టి పేరు కనుక్కునే ఏర్పాటులోనే దొరికింది.

అపోహ: డొమైన్ కొన్నచోటే పీటీఆర్ రికార్డు (ఐపీ నంబరుకు పేరు చెప్పే రికార్డు) కూడా పెట్టుకోవచ్చు.

పెట్టుకోలేం. పేరు చెప్పి ఐపీ నంబరు అడగడం ఒక దారి, నంబరు చెప్పి పేరు అడగడం వేరే దారి. మొదటిది డొమైన్ ఎవరిదో వాళ్ళ చేతిలో ఉంటుంది. రెండోది ఆ ఐపీ ఎవరి బ్లాకులోదో వాళ్ళ చేతిలో, అంటే మనకు లైను ఇచ్చిన కంపెనీ చేతిలోనో సర్వర్ అద్దెకిచ్చినవాళ్ళ చేతిలోనో ఉంటుంది. చేను మన పేరు మీదే ఉన్నా తూము ఇరిగేషన్ వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

ఉదాహరణలకోసం పక్కన పెట్టిన 203.0.113.25 అనే నంబరునే తీసుకుందాం. దాని పేరు కావాలంటే నంబరును తిరగేసి 25.113.0.203 అని రాసి, చివర ఇన్-యాడర్ డాట్ ఆర్పా అని తగిలించి అడుగుతారు. డొమైన్ పేరులో పెద్ద కొమ్మ కుడివైపు ఉంటుంది, ఐపీలో ఎడమవైపు ఉంటుంది. అందుకే తిరగేయడం. ఆ కొమ్మలో మన డొమైన్ ప్రస్తావనే లేదు చూడండి.

ఒక ఎగుమతి ఆఫీసులో కంప్యూటర్లు చూసే కుర్రాడు డొమైన్ ప్యానెల్లో పీటీఆర్ అని కనపడగానే నింపేశాడు. ప్యానెల్ కాదనలేదు, ఆకుపచ్చ టిక్కు కూడా చూపించింది. "ఆయ్, పెట్టి వారమైందండి, అయినా తిరిగొస్తున్నాయి" అన్నాడు. అతని పక్కనే కూర్చుని డీఎన్‌ఎస్‌ను అడిగి చూసే డిగ్ కమాండుకు, నంబరు నుంచి పేరు అడిగే మైనస్ ఎక్స్ తగిలించి వాళ్ళ ఐపీ ఇచ్చాను. జవాబు ఖాళీ. అతను పెట్టిన రికార్డు ఉంది, కానీ దాన్ని అడిగేవాళ్ళే లేరు. సర్వర్ లాగ్‌లో 550 5.7.25 అని వరుసగా ఉన్నాయి. 5.7.25 అంటే రివర్స్ డీఎన్‌ఎస్ పరీక్ష తప్పిందని.

లైను ఇచ్చినవాళ్ళకు రెండు లైన్ల మెయిల్ రాయించాను: మా స్టాటిక్ (మారని) ఐపీ ఇది, దీనికి ఈ పేరుతో పీటీఆర్ పెట్టండి. రాసేముందు ఆ పేరుకు 'A' రికార్డు (పేరుకు ఐపీ నంబరు చెప్పే రికార్డు) అదే ఐపీకి ఉందో లేదో చూసుకున్నాం. ఇది మర్చిపోకండి. అవతలి సర్వర్ ఐపీ నుంచి పేరు తీసుకుని, ఆ పేరును మళ్ళీ ఐపీగా మార్చి చూస్తుంది. రెండూ కలవాలి.

ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద సర్వర్ నడిపేవాళ్ళు ఇదంతా అడిగి లాభం లేదు. ఐపీ మారుతూ ఉంటుంది, చాలాచోట్ల సర్వర్ల మధ్య మెయిల్ వెళ్ళే 25వ పోర్టు కూడా మూసేసి ఉంటుంది. స్టాటిక్ ఐపీ తీసుకోండి, లేదా బయటికెళ్ళే మెయిల్‌ను మన తరఫున మెయిల్ చేరవేసే ఏదైనా రిలే సర్వీసు ద్వారా పంపండి.

అపోహ: పీటీఆర్‌లో మన కంపెనీ డొమైనే ఉండాలి.

అక్కర్లేదు. ఒకే సర్వర్ మీద మూడు మిల్లుల మెయిళ్ళు నడుస్తున్నా పీటీఆర్ ఒక్కటే చాలు. అందులో సర్వర్ పేరు ఉండాలి, సర్వర్ తనను పరిచయం చేసుకునేటప్పుడు చెప్పే హెలో పేరు కూడా అదే ఉంటే మంచిది. మూడు డొమైన్లకు మూడు పీటీఆర్లు పెట్టించిన చోట నేను రెండు తీయించేశాను.

అపోహ: ఎస్‌పీఎఫ్ (మన మెయిల్ ఏ ఐపీల నుంచి రావచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం) ఉన్నాయి కాబట్టి పీటీఆర్ లేకపోయినా నడుస్తుంది.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు పంపేవాళ్ళందరికీ సరైన పీటీఆర్ తప్పనిసరి, దాంతోపాటు ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి. రోజుకు 5,000 దాటి పంపేవాళ్ళకు ఆ రెండూ, వాటిపైన డీమార్క్ (ఆ పరీక్షలు తప్పితే మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా కావాలి. అలాగని పీటీఆర్ ఉన్నంత మాత్రాన ఇన్‌బాక్సుకు గ్యారంటీ ఏమీ లేదు. అడగని వాళ్ళకు రేట్ల పట్టిక రోజూ పంపితే ఏ రికార్డూ కాపాడదు.

అపోహ: మనకు మెయిళ్ళు వస్తున్నాయంటే సర్వర్ బాగున్నట్టే.

వచ్చే మెయిల్ చూసేది ఎంఎక్స్ రికార్డును, అంటే మన డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పేదాన్ని. పీటీఆర్ మనం పంపేటప్పటి సంగతి.

అపోహ: ఒకసారి సరిచేస్తే ఇక చూసుకోనక్కర్లేదు.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. ఒక ఆఫీసులో పొద్దున పంపినవి వెళ్తున్నాయి, మధ్యాహ్నం పంపినవి తిరిగొస్తున్నాయి. రెండు రోజులు తల పట్టుకున్నాను. లాగ్‌లో టైములు, రూటర్‌లో టైములు పక్కపక్కన పెట్టుకుంటే తెలిసింది. కాలవగట్టు రోడ్డు పనుల్లో ఫైబర్ తెగినప్పుడల్లా రూటర్ తనంతట తాను రెండో లైనుకు మారుతోంది. ఆ లైను ఐపీకి పీటీఆర్ లేదు, ఎస్‌పీఎఫ్‌లో ఆ నంబరూ లేదు. బ్రౌజింగ్ ఆగట్లేదు కాబట్టి లైను మారిన సంగతి ఎవరికీ తెలియదు.

వర్షాకాలంలో, తుపాను రోజుల్లో మన దగ్గర లైన్లు తెగడం మామూలే కాబట్టి రెండో లైను ఉండాల్సిందే. కానీ మెయిల్ సర్వర్ బయటికెళ్ళే దారిని మొదటి లైనుకే కట్టేశాను. లైను లేకపోతే మెయిల్ క్యూలో కూర్చుంటుంది. మెయిల్ సర్వర్ నడిపే పోస్ట్‌ఫిక్స్ సాఫ్ట్‌వేర్ మామూలు సెట్టింగుల్లో 5 రోజుల వరకు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. తిరిగొచ్చిన మెయిల్‌ను మనిషి మళ్ళీ పంపాలి, క్యూలో ఉన్నది దానంతటదే వెళ్తుంది. ఆ తర్వాత ఒకసారి ఫైబర్ తెగి సాయంత్రం దాకా రాలేదు. అకౌంటెంట్ గారు కంగారుగా ఫోన్ చేస్తే క్యూ తెరిచి చూపించాను, పదకొండు మెయిళ్ళు వరుసగా ఉన్నాయి. ఏడింటికి లైను వచ్చింది, ఏడున్నరకు క్యూ ఖాళీ.