రెండు గాంధారాల నడుమ సన్ హౌస్

బ్లూస్ అనే ఆఫ్రికన్ అమెరికన్ల జానపద సంగీతంలో గాయకుడు, గిటార్ వాద్యకారుడు అయిన సన్ హౌస్ 1902లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పుట్టారు. యౌవనంలోనే బాప్టిస్టు చర్చిలో ప్రసంగీకుడైన ఆయన, గిటార్ నేర్చుకునేసరికి పాతికేళ్లకు చేరుకున్నారు. చర్చి ఒకవైపు, ఆ చర్చి పాపమని ఖండించే బ్లూస్ మరొకవైపు ఆయనను జీవితమంతా లాగుతూనే ఉన్నాయి. 1930లో పారామౌంట్ రికార్డుల సంస్థకు ఆయన పాడిన పాటల్లో ఒకదాని పేరే ‘ప్రీచిన్ ది బ్లూస్’, అంటే బ్లూస్‌ను ప్రసంగించడం. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, తీగలను కొరడాతో కొట్టినట్టు మీటుతూ పాడే ఆయనను చూస్తే ప్రసంగం ఇంకా ముగియలేదనిపిస్తుంది.

ఆ భావన ఆయన హావభావాల వల్ల మాత్రమే కలిగేది కాదు. అందులో తీగ పాత్ర కూడా ఉంది. మామూలు గిటార్‌లో వేలు తీగను మెట్టుకు (ఫ్రెట్‌కు) అదిమినప్పుడు కంపించే పొడవు మెట్టు దగ్గర తెగుతుంది కాబట్టి, స్వరాలు మెట్లమెట్లుగానే వస్తాయి. సన్ హౌస్ వాయించే స్లైడ్ పద్ధతిలో వేలికి తొడిగిన లోహపు గొట్టం తీగను అదమకుండా తాకుతూ జరుగుతుంది. బిగువు మారనంతవరకు పౌనఃపున్యం పొడవుకు విలోమానుపాతంలో ఉంటుంది కనుక, గొట్టం జరిగినంతసేపూ శ్రుతి తెగకుండా మారుతుంది. మన సంగీతంలో ‘జారు’ అనే గమకం ఇదే. వీణలాంటి గోటువాద్యం మీద కొయ్య ముక్క చేసే పనీ ఇదే.

196 హెర్ట్జ్‌ల మూడో తీగను షడ్జంగా (స) తీసుకుంటే, గాంధారం (గ) రకాల్లో సాధారణ గాంధారం సుమారు 233 వద్ద, అంతర గాంధారం 247 వద్ద వస్తాయి. గిటార్ మీద ఆ రెండింటి మధ్య దూరం దాదాపు 3 సెంటీమీటర్లు. బ్లూస్ గాయకుడి గొంతు నిలకడగా ఉండనిది సరిగ్గా ఆ జాగాలోనే. మెట్లు ఇవ్వలేని ఆ మధ్య స్వరాలన్నిటినీ గొట్టం ఇస్తుంది. మాటలోనూ, ఆవేశంతో రాగం అందుకునే ప్రసంగంలోనూ శ్రుతి అలాగే జారుతుంది కాబట్టే, ఈ గిటార్ మనకు మనిషి మాట్లాడినట్టు వినిపిస్తుందని నా నమ్మకం.

ఆయన 1960లలో వాయించిన నేషనల్ అనే కంపెనీ గిటార్‌లో తీగల కంపనం వాటిని మోసే బ్రిడ్జి ద్వారా పలుచని అల్యూమినియం శంకువుకు చేరుతుంది. అది లౌడ్‌స్పీకర్‌లా గాలిని నెడుతుంది. విద్యుత్తు లేకుండానే గదిని నింపే ఆ ఖంగుమనే నాదం ప్రసంగీకుడి గొంతుకు దీటైనది.

చాలా ఏళ్లు సంగీతానికి దూరమైన సన్ హౌస్‌ను అభిమానులు 1964లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో వెతికి పట్టుకున్నారు. మరుసటి ఏడాది రికార్డు చేసిన పాటల్లో ఒకదాన్ని ఆయన గిటార్ ముట్టకుండా, చప్పట్లు మాత్రమే కొడుతూ పాడారు. ఆ గొంతు ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే తీరు వింటే, గొట్టం ఇంకా తీగ మీదే ఉన్నట్టు తోస్తుంది.