పాళ్లు తప్పని పొట్లం: ఓఆర్‌ఎస్ పేరు మీద తగవు ఎక్కడ మొదలైంది?

పండ్లరసం పానీయాలు, ఎలక్ట్రోలైట్ పానీయాలు తమ పేరులో ఎక్కడా ‘ఓఆర్‌ఎస్’ (విరేచనాలైనప్పుడు నీళ్లలో కలిపి తాగించే గ్లూకోజు, లవణాల మిశ్రమం) అన్న అక్షరాలు వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరు 14న ఆదేశించింది. నిజానికి ఈ మాట ఆ సంస్థ కొత్తగా చెప్పింది కాదు. 2022 ఏప్రిల్‌లోనే ఒకసారి చెప్పి, మూడు నెలలు దాటగానే వెనక్కి తీసుకుంది. ట్రేడ్‌మార్కులో భాగంగా ఆ అక్షరాలు ఉంటే ఉండనివ్వవచ్చుననీ, డబ్బా మీద ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదు’ అని ఒక ప్రకటన ముద్రిస్తే చాలుననీ ఆ ఏడాది జులై 14న సడలింపు ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన మరో ఉత్తర్వు కూడా ఆ దారినే నడిచింది. ఆ రెండు ఉత్తర్వులనూ రద్దు చేసినదే అక్టోబరు ఆదేశం. దాని మీద కొన్ని కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లడం, పేరు మార్చుకున్న పానీయాలు మందుల షాపుల్లో పాత వరుసలోనే కనిపిస్తుండడంతో చర్చ మళ్లీ రాజుకుంది.

దీన్ని ట్రేడ్‌మార్కు తగవుగా చూసేవాళ్లున్నారు. అసలు ప్రశ్న వేరే. తూకం వేయడం రాని మనిషి, రసాయనాల పేర్లు చదవలేని మనిషి, ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు ఒక పొట్లం కలిపి తాగించేటప్పుడు దేన్ని నమ్మాలి? ఈ ప్రశ్నకు జవాబు 1971లో, పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బనగావ్ అనే ఊళ్లో దొరికింది.

బనగావ్ కంటే ముందు ఒక్క సంగతి తెలియాలి, అది పాళ్ల సంగతి. కలరా సోకిన మనిషి పేగు నీటిని నిలుపుకోలేదు. ఉప్పునీళ్లు ఒక్కటే తాగిస్తే తాగినవి తాగినట్టు బయటికి పోతాయి. అయితే ఉప్పులోని సోడియం, గ్లూకోజు రెండూ కలిసి వచ్చినప్పుడు పేగు గోడ వాటిని జతగా లోపలికి తీసుకుంటుందని, వాటి వెంట నీరు కూడా వెళుతుందని 1960ల నాటికి తేలింది. కలరా ఆ దారిని మూయలేదన్నది రోగుల మీద జరిగిన పరిశోధనల్లో రుజువైంది. ఇదే జత పాళ్లు తప్పితే పని తిరగబడుతుంది. పేగు పీల్చుకోగలిగిన దానికంటే ఎక్కువ చక్కెర లోపలికి చేరితే, అది ఒంట్లోని నీటినే పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది.

ఇది ఊహాగానం కాదు, ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. 1962లో అమెరికా నౌకాదళ వైద్యుడు రాబర్ట్ ఫిలిప్స్ మనీలాలో కలరా రోగులకు నోటి ద్వారా గ్లూకోజు, లవణాల ద్రావణం ఇచ్చి చూశారు. మొదటి ఫలితాలు ఆశ కలిగించాయి. ఆ తర్వాత గాఢత ఎక్కువైన ద్రావణంతో ముప్పై మంది మీద చేసిన ప్రయత్నంలో ఐదుగురు మరణించారు. ఆ దెబ్బ ఆయన్ను చాలాకాలం వెంటాడింది. తరువాత ఢాకాలోని కలరా పరిశోధనాశాలకు ఆయనే డైరెక్టరయ్యారు. అక్కడ యువ వైద్యులు డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ మళ్లీ నోటి ద్రావణంతో ప్రయోగం తలపెట్టినప్పుడు, రోగి ఒంట్లోంచి ఎంత నీరు పోతోందో కొలిచి అంతే తిరిగి తాగించాలన్న పద్ధతి పాటించారు. 1968లో వెలువడిన ఆ అధ్యయనంలో ఉన్నది 29 మంది రోగులే, అయినా నరం ద్వారా ఎక్కించాల్సిన సెలైన్ అవసరం సుమారు 80 శాతం తగ్గిందని అది చూపింది. అంతకు పదిహేనేళ్ల ముందే, 1953లో, కోల్‌కతా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ 186 మంది కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి బాగుచేసినట్టు లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. కొలతల లెక్కలు చాలినన్ని లేవని అప్పట్లో ఎవరూ ఆయన్ను పట్టించుకోలేదు. ఆయనకు దక్కాల్సిన గౌరవం సకాలంలో దక్కలేదన్నది నా అభిప్రాయం.

ఢాకా ప్రయోగం ఆసుపత్రి గోడల మధ్య, కొలతపాత్రలు పట్టుకున్న నిపుణుల చేతుల్లో జరిగింది. బనగావ్‌లో ఆ గోడలు లేవు, ఆ నిపుణులూ లేరు. బంగ్లాదేశ్ విముక్తి యుద్ధంతో సుమారు కోటి మంది శరణార్థులు భారతదేశంలోకి వచ్చారు. వానాకాలం, కిక్కిరిసిన శిబిరాలు, కలుషితమైన నీళ్లు. మన పల్లెల్లో పెద్దవాళ్లు ‘గత్తర’ అనే రోగం ఆ శిబిరాలను చుట్టుముట్టింది. జూన్ నెలాఖరులో కోల్‌కతా నుంచి అక్కడికి చేరిన డాక్టర్ దిలీప్ మహలనబీస్‌కు కనిపించినది పదహారు మంచాల ఆసుపత్రి. మంచాలు నిండిపోగా మిగిలిన రోగులు నేల మీదే పడి ఉన్నారు. వాంతులు, విరేచనాలతో తడిసిన ఆ నేల మీద మోకాళ్లూని కూర్చుని సెలైన్ ఎక్కించాల్సి వచ్చిందని ఆయన తరువాత గుర్తు చేసుకున్నారు. బృందంలో నరానికి సూది పెట్టడం వచ్చినవాళ్లు ఇద్దరే. వారాలు గడవకముందే సెలైన్ సీసాలు అడుగంటాయి.

అప్పుడాయన తీసుకున్న నిర్ణయమే ఈనాటి తగవుకు మూలమని నేననుకుంటున్నాను. కోల్‌కతాలో తాము పనిచేసే పరిశోధన కేంద్రంలోని గ్రంథాలయాన్ని పొట్లాలు కట్టే గదిగా మార్చారు. ఒకరు గ్లూకోజు తూచారు, ఒకరు ఉప్పు, ఒకరు వంటసోడా. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల మామూలు ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా అన్నది లెక్క. ఆ మిశ్రమాన్ని ప్లాస్టిక్ సంచుల్లో పోసి, వేడి ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి, ఎలా కలపాలో రాసిన చీటీ అంటించి బనగావ్‌కు పంపారు. అక్కడ పెద్ద డ్రమ్ముల్లో కలిపి ఉంచితే రోగుల తల్లులు, అన్నదమ్ములు గ్లాసులతో పట్టుకెళ్లి తాగించారు. అంటే కొలత వేసే పని నిపుణుడి చేతిలోంచి పొట్లానికి మారింది. తాగించే మనిషికి తూకం తెలియనక్కర్లేదు. ఆ తూకం ముందే వేసి ఉందన్న నమ్మకం ఉంటే సరిపోతుంది.

పేరు విషయంలోనూ ఆయన ముందుచూపు చూపారు. సెలైన్ అంటే నరానికి ఎక్కించేదే, ప్రాణం నిలిపేది అదేనన్న నమ్మకం జనంలో బలంగా ఉండేది. అందుకే ఆయన ఈ నీళ్లను ‘నోటి సెలైన్’ అని పిలిచారు, ఇదీ సెలైనే, నోటితో తాగేది అని చెప్పించారు. జనం తాగారు. ఇతర చోట్ల దాదాపు 30 శాతం దాకా వెళ్లిన మరణాల రేటు, ఆయన పర్యవేక్షణలో నోటి ద్రావణం తాగిన రోగుల్లో 3.6 శాతానికి పడిపోయింది. అంటే ఓఆర్‌ఎస్ చరిత్రలో పేరు మొదటి నుంచీ మందులో భాగమే. పేరు చూసి తాగుతారు కనుక, ఆ పేరు ఉన్నచోట ఆ పాళ్లు ఉండి తీరాలి.

అక్కడి నుంచి పొట్లం ప్రపంచమంతా తిరిగింది. బనగావ్‌ను కళ్లారా చూసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్యుడు ధీమన్ బారువా దాని కోసం పట్టుబట్టారు. 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఒకే ఫార్ములాను ఖరారు చేశాయి. ఆ ఫార్ములాను రూపొందించినవాళ్లే దాన్ని అంతిమ సత్యమని భావించలేదు. లీటరుకు 311 మిల్లీ ఆస్మాల్స్ (ద్రావణం గాఢతను చెప్పే కొలత) ఉన్న ఆ ద్రావణం కలరా కాని మామూలు విరేచనాల పిల్లలకు కాస్త గాఢంగా ఉందేమోనన్న అనుమానంతో ఏళ్ల తరబడి అనేక దేశాల్లో పరీక్షలు జరిపారు. సోడియం, గ్లూకోజు రెండూ లీటరుకు 75 మిల్లీమోల్స్‌కు (కరిగిన పదార్థం మోతాదును చెప్పే కొలత) తగ్గించి, మొత్తం గాఢత 245కు దించితే విరేచనాలు, వాంతులు తగ్గాయని, సెలైన్ ఎక్కించాల్సిన అవసరం దాదాపు మూడో వంతు తగ్గిందని తేలాకే 2002లో ఫార్ములా మార్చారు. నేటి పొట్లం బరువు 20.5 గ్రాములు. అందులో గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. లీటరుకు ఆరేడు గ్రాముల గ్లూకోజు తగ్గించడానికి శాస్త్రవేత్తలు పడిన శ్రమ ఇది.

పొట్లం అందని చోట కూడా పాళ్ల విషయంలో ఎవరూ రాజీపడలేదు. 1980లలో బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి కోటికి పైగా కుటుంబాల తల్లులకు మూడు వేళ్లతో పట్టిన చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు కలపడం నేర్పారు. కొంతకాలం తర్వాత మరొకరు వెళ్లి ఆ తల్లి ఎంత గుర్తు పెట్టుకుందో, ఎలా కలిపిందో చూసి, దాన్నిబట్టే నేర్పిన కార్యకర్తకు జీతం లెక్కగట్టేవారు. చదువు లేని తల్లి మూడు వేళ్ల చిటికెకు అంత జవాబుదారీతనం ఉంటే, కర్మాగారంలో తయారై మందుల షాపులో అమ్ముడుపోయే డబ్బాకు ఇంకెంత ఉండాలి?

మన దగ్గర పరిస్థితి చూద్దాం. ఓఆర్‌ఎస్ ఇవ్వాల్సినచోట దాన్ని రాయని వైద్యులు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. కర్ణాటక, బిహార్‌లలో జరిపి 2024లో ప్రచురించిన ఒక అధ్యయనం దీనికి ప్రధాన కారణాన్ని బయటపెట్టింది. రోగులకు ఓఆర్‌ఎస్ మీద ఆసక్తి లేదని వైద్యం చేసేవాళ్లు అనుకుంటున్నారట. ఆ ఖాళీలోకే రంగురంగుల టెట్రాప్యాకు వచ్చింది. షాపులో అడిగితే చేతికొచ్చేది అదే, పిల్లలు మారాం చేయకుండా తాగేదీ అదే. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో నీళ్ల విరేచనాలు ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు, ఈ జబ్బు పాతకాలపుదని అనుకోవడానికి వీల్లేదని మనకు మళ్లీ తెలిసివచ్చింది.

ఈ పానీయాల మీద సుమారు ఎనిమిదేళ్లు పోరాడినది హైదరాబాద్‌కు చెందిన ఒక శిశువైద్యురాలు. 2022లో ఆమె తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆమె ముందుపెట్టిన లెక్క సూటిగా ఉంది. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటే, ఆ పేరుతో అమ్ముతున్న కొన్ని పానీయాల్లో లీటరుకు 120 గ్రాముల వరకు చక్కెర ఉంది, లవణాలేమో తక్కువ. విరేచనాలతో నీరసించిన పసిబిడ్డకు ఇది పట్టిస్తే పైన చెప్పిన ప్రమాదమే జరుగుతుంది.

కంపెనీల వాదన కూడా చెప్పాలి. తమవి విరేచనాలకు మందులని తాము ఎన్నడూ చెప్పలేదని, నియంత్రణ సంస్థ కోరిన ప్రకటనను డబ్బా మీద ముద్రించామని, చట్టబద్ధంగా నమోదైన ట్రేడ్‌మార్కును వాదన వినకుండా తొలగించమనడం అన్యాయమని అవి అన్నాయి. వాదన వినాలన్న మాట న్యాయమైనదే. ఢిల్లీ హైకోర్టు మొదట కొంత ఉపశమనం ఇచ్చింది, నియంత్రణ సంస్థ ఆ వాదన విని అక్టోబరు నెలాఖరులో తన ఆదేశానికే కట్టుబడింది. ప్రకటన ముద్రించాం కదా అన్న మాట మాత్రం నిలవదు. పేరును డబ్బా ముందు పెద్ద అక్షరాలతో రాసి, ఆ పేరు తమది కాదని చిన్న అక్షరాలతో రాస్తే, అర్ధరాత్రి బిడ్డను ఎత్తుకుని షాపుకొచ్చిన తల్లి కంటపడేది మొదటిదే.

అక్టోబరు ఆదేశం పేరు విషయాన్ని తేల్చింది. విరేచనాలకు ఏదైనా ఇమ్మని అడిగితే కౌంటరు వెనకాల మనిషి ఏ అరలోకి చేయి పెడతాడన్నది ఆ ఆదేశంలో లేదు. అంగన్‌వాడీలోనో ఆశా కార్యకర్త దగ్గరో ఉచితంగా దొరికే 20.5 గ్రాముల పొట్లం, దాన్ని సగం సగం కాకుండా మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలన్న మాట, దానితోపాటు పద్నాలుగు రోజులు ఇవ్వాల్సిన జింకు మాత్ర ఆ ఇంటికి చేరాయో లేదో ఇక చూడాల్సింది జిల్లా ఆరోగ్య శాఖలు.