డెబ్బై దాటితే కారు ఇన్సూరెన్స్ పెరుగుతుందా? విశాఖలో నేను రోజూ వినే అపోహలు

మొన్న ఎంవీపీ కాలనీ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు ఫోన్ చేశారు. "బాబూ, నాకు డెబ్బై రెండు నిండాయి. ఈ వయసులో నన్ను హై రిస్క్ కింద లెక్కేస్తారని, ప్రీమియం డబుల్ అవుతుందని అమెరికా నుంచి మా అమ్మాయి చెప్తోంది. కారు అబ్బాయి పేరు మీదకి మార్చేయమంటావా?"

విశాఖలో చాలా ఏళ్లుగా మోటార్ పాలసీలు చేస్తున్నాను. ఇలాంటి ఫోన్ నెలకి రెండైనా వస్తుంది.

అపోహ: వయసు పెరిగితే ప్రీమియం పెరుగుతుంది

అమెరికాలో చాలా చోట్ల డ్రైవర్ వయసు చూసి రేటు కడతారు, ఆ అమ్మాయి చెప్పింది అక్కడి సంగతి. మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన కారు వల్ల అవతలివాళ్లకి జరిగే నష్టానికి కట్టేది, ప్రభుత్వం ఖరారు చేస్తుంది, అదీ ఇంజిన్ సీసీని బట్టి. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టికలో 1000 సీసీ లోపు కారుకి రూ.2,094, 1500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897. పాతికేళ్ల కుర్రాడు కట్టేదీ తాతగారు కట్టేదీ ఒకటే. ఓన్ డ్యామేజ్ (మన కారుకి జరిగే నష్టానికి కట్టే) రేటు కంపెనీల ఇష్టమే అయినా, వాళ్లు ముఖ్యంగా చూసేది కారు విలువ, మోడల్, కారు వయసు, రిజిస్ట్రేషన్ ఊరు, పాత క్లెయిములు. ఊళ్లని రెండు జోన్లుగా చూస్తారు: హైదరాబాద్ జోన్ ఏ, మన విశాఖ జోన్ బీ. మనకే కాస్త నయం.

అబ్బాయి పేరు మీదకి మారిస్తే లాభం లేకపోగా నష్టం. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కారుది కాదు, యజమానిది. లెక్చరర్ గారికి 50 శాతం ఉంది. తండ్రి బతికుండగా అది కొడుక్కి పోదు. అబ్బాయి సున్నా నుంచి మొదలుపెట్టాలి. పేరు మార్చకపోయినా, లైసెన్స్ ఉంటే అబ్బాయి ఆ కారు హాయిగా నడుపుకోవచ్చు. పాలసీ వర్తిస్తుంది.

అపోహ: లైసెన్స్ అయిపోయినా నెల రోజులు గ్రేస్ ఉంటుంది

నన్నడిగితే పెద్దవాళ్లకి అసలు రిస్క్ ఇదే. "సార్, మీ లైసెన్స్ ఫొటో వాట్సాప్ చేయండి" అని ఆ లెక్చరర్ గారితో అన్నాను. చేశారు. అరవై ఏడో ఏట రెన్యువల్ చేయించిన కార్డు, గడువు ముగిసి నాలుగు నెలలైంది. నాలుగు నెలలూ ఆయన రోజూ రైతు బజారుకి కారు తీస్తూనే ఉన్నారు.

55 దాటాక లైసెన్స్ ఐదేళ్లకోసారే ఇస్తారు. అప్పట్లో గడువు తర్వాత 30 రోజులు చెల్లేది. 2019 సవరణలో ఆ వెసులుబాటు తీసేశారు. ఆలస్యంగా రెన్యువల్ చేయిస్తే మధ్యలో పోయిన రోజులు కలవవు, కొత్త తేదీ నుంచే లెక్క. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టే. యాక్సిడెంట్ రోజున చెల్లే లైసెన్స్ లేకపోతే మీ కారు రిపేరు క్లెయిమ్ తిరగ్గొట్టడానికి కంపెనీకి అదొక్కటి చాలు. అవతలి మనిషికి దెబ్బ తగిలితే ఇంకా కష్టం. చాలా కేసుల్లో కోర్టు ముందు కంపెనీని కట్టమంటుంది, ఆ డబ్బు కంపెనీ మళ్లీ మీ దగ్గర వసూలు చేస్తుంది.

గడువుకి ఏడాది ముందే రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ కావాలి. శుక్లాలుంటే ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇది మీ ప్రీమియం కోసం చెప్తున్న మాట కాదు.

అపోహ: కారు ఎక్కువ తిప్పను, థర్డ్ పార్టీ చాలు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు దెబ్బతిన్న కార్లలో చాలావరకు రోడ్డు మీద లేవు, ఇంటి ముందు చెట్టు కింద నిలబెట్టి ఉన్నాయి. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లకి పైసా రాదు. సముద్రం పక్కన ఊళ్లో వాడకం తక్కువని ఓన్ డ్యామేజ్ మానేయడం నాకైతే నచ్చదు. మరీ పాత కారైతే, విలువ లక్ష కూడా లేకపోతే, సరే.

అపోహ: ఫుల్ ఇన్సూరెన్స్ అంటే అన్నీ వస్తాయి

ఒక వాన తర్వాత లాసన్స్ బే కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి, నష్టం అంచనా వేసే సర్వేయర్‌తో వెళ్లాను. నీళ్లు తోడేశారు, కారు తలుపు సగం దాకా బురద గీత ఉంది. సర్వేయర్ ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి పిండితే నీళ్లు కారాయి. "స్టార్ట్ చేశారా?" అన్నాడు. "రెండు సార్లే బాబూ" అన్నారు పెద్దాయన. ఆ రెండు సార్లతో ఇంజిన్ లాక్ అయింది. నీళ్లలో మునిగిన నష్టం ఫుల్ ఇన్సూరెన్స్‌లో, అంటే థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ రెండూ ఉన్న పాలసీలో ఉంటుంది. మునిగాక తాళం తిప్పి ఇంజిన్ పాడుచేసుకుంటే, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ (యాడ్ ఆన్) లేనిదే రాదు. నీళ్లు తగిలిన కారుని ముట్టుకోకుండా టోయింగ్‌కి ఫోన్ చేయండి.

తుప్పు సంగతి అడగనే అక్కర్లేదు. బీచ్ రోడ్డు వైపు ఉప్పుగాలికి చక్రాల పైన రేకు గోరుతో గీకితే రాలుతుంది. అది అరుగుదల కింద లెక్క, ఏ పాలసీలోనూ రాదు.

అపోహ: కట్టినందుకు చిన్న గీతకైనా క్లెయిమ్ చేయాలి

గేటుకి బంపర్ రాసుకుంది, బిల్లు నాలుగు వేలు. ప్లాస్టిక్ భాగానికి సగం తరుగుదల, 1500 సీసీ లోపు కారుకి మరో వెయ్యి మినహాయింపు. చేతికి రెండు వేలు కూడా రాకపోవచ్చు. క్లెయిమ్ చేస్తే పోయే బోనస్ చూడండి. ఓన్ డ్యామేజ్ రూ.8,000 అనుకుంటే, మళ్లీ 50 శాతానికి చేరేలోపు ఐదేళ్లలో దాదాపు రూ.10,000 ఎక్కువ కడతారు.

అపోహ: యజమాని పోతే పాలసీ కూడా పోయినట్టే

ఇది అడగడానికి పెద్దవాళ్లు మొహమాటపడతారు, అందుకే నేనే చెప్తాను. యజమాని చనిపోయాక పాలసీ మూడు నెలలు గానీ, దాని గడువు దాకా గానీ, ఏది ముందైతే అంతవరకు నడుస్తుంది. ఆలోపు డెత్ సర్టిఫికెట్, ఆర్‌సీ, పాత పాలసీ పట్టుకుని వారసుల పేరు మీదకి మార్పించుకోవాలి. ఇక్కడ మాత్రం బోనస్ భార్యకో పిల్లలకో వస్తుంది. ఆ కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి.