బ్రెగ్జిట్, ఫ్యాక్టరీలు, ఉద్యోగాలు: అపోహలు - వాస్తవాలు

నేను పని నేర్చుకున్నది విశాఖపట్నం పోర్టు దగ్గర, ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో. బిల్ ఆఫ్ ఎంట్రీ అనే దిగుమతి పత్రం నింపడం, హెచ్.ఎస్. కోడు (ఒక్కో రకం సరుకుకు ఉండే అంకెల గుర్తు) వెతకడం, సరుకు ఏ దేశంలో పుట్టిందో రుజువు అడగడం... రోజంతా అదే పని. ఆ తరువాత ఇంగ్లండ్‌లో, మిడ్‌లాండ్స్ ప్రాంతంలో, కార్ల విడిభాగాలు తయారు చేసే ఒక మధ్యతరహా కంపెనీలో చేరాను. అక్కడ నా పాత విద్యకు పెద్దగా గిరాకీ లేదు. 1993 జనవరిలో ఉమ్మడి మార్కెట్ వచ్చినప్పటి నుంచి బర్మింగ్‌హామ్ నుంచి ఫ్రాన్స్‌కు లారీ పంపడం అంటే విజయవాడ నుంచి చెన్నైకి పంపినట్టే. నిజానికి అంతకన్నా సులువు, ఈ-వే బిల్లు కూడా అక్కర్లేదు.

2016 ఓటింగులో బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటకు రావాలని తేలింది, బ్రెగ్జిట్ అంటే అదే. 2020 చివరికి ఉమ్మడి మార్కెట్‌ను కూడా వదలడంతో పరిస్థితి తలకిందులైంది. పాతికేళ్ళుగా ఐరోపాకు సరుకు పంపుతున్న నా సహోద్యోగులలో ఒక్కరు కూడా అక్కడికి కస్టమ్స్ డిక్లరేషన్ నింపి ఎరగరు. విశాఖలో నేర్చిన చదువు ఒక్కసారిగా బంగారమైంది. బ్రెగ్జిట్ వల్ల జీతం పెరిగిన కొద్దిమందిలో నేనూ ఉన్నానన్నమాట. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, నా మాటలను ఆ లెక్కన తూచుకోండి. ఇంటి నుంచి ఫోను చేసేవాళ్ళు, ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను తరచుగా అడిగే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: సుంకం సున్నా అని ఒప్పందం ఉంది కదా, ఫ్యాక్టరీకి ఏం మారింది?

2020 డిసెంబరు 30న బ్రిటన్, యూరోపియన్ యూనియన్ సంతకాలు చేసిన ఒప్పందంలో సుంకాలు లేవు, కోటాలు లేవు. ఆ మాట నిజం. అయితే సరుకు బ్రిటన్‌లోనో ఈయూలోనో పుట్టిందని రుజువు చేసినవారికే ఆ సున్నా.

జర్మనీలోని ఒక స్టాకిస్టు నుంచి మాకు బోల్టుల పెట్టె వచ్చిందనుకోండి. ఇన్‌వాయిస్ మీద జర్మనీ చిరునామా ఉంటుంది. లారీ జర్మనీ నుంచే వచ్చింది. పెట్టె పక్కన వేలెడంత స్టిక్కరు మీద మాత్రం తైవాన్ అని ఉంటుంది. అంతే, సుంకం కట్టాలి. బయలుదేరిన ఊరు వేరు, పుట్టిన ఊరు వేరు. ఈ తేడా విశాఖలో మొదటి నెల శిక్షణలో ఉన్న కుర్రవాడికి కూడా తెలుసు. ఇక్కడ పెద్ద పెద్ద కంపెనీలకు అది 2021 జనవరిలో తెలిసింది. మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాల్లో అమ్మే పెర్సీ పిగ్ అనే పందిపిల్ల బొమ్మ మిఠాయి జర్మనీలో తయారవుతుంది. అది బ్రిటన్ గోదాముకు వచ్చి, అక్కడి నుంచి ఐర్లండ్ దుకాణానికి వెళితే సుంకం పడుతుందని ఆ సంస్థ అధిపతే చెప్పారు. ఈయూలో పుట్టిన మిఠాయి ఈయూలోకే తిరిగి వెళ్ళినా పన్ను తప్పలేదు. బ్రిటన్‌లో దానికి కొత్తగా జరిగిన పనేమీ లేకపోవడమే కారణం.

ఇక పాలెట్ సంగతి, అంటే సరుకు పేర్చే చెక్క పీట. మొదటి నెలల్లో మా లారీ ఒకటి అవతలి ఒడ్డున ఆగిపోయింది. డిక్లరేషన్ సరిగ్గా ఉంది, కోడు సరిగ్గా ఉంది, సరుకు ఎక్కడ పుట్టిందో చెప్పే ఆరిజిన్ ప్రకటన ఉంది. నేను మూడుసార్లు చూసి పంపినవి. ఆపింది కాగితం కాదు, సరుకు కింద ఉన్న చెక్క పాలెట్. పురుగు చేరకుండా వేడి చేసిన చెక్కకు గోధుమ కంకి ఆకారంలో ఒక ముద్ర వేస్తారు. ఈయూ బయటి దేశం నుంచి వచ్చే ప్రతి చెక్క పాలెట్ మీద ఆ ముద్ర ఉండాలి. మా గోదాములో అప్పటిదాకా ఎవరూ దానికోసం చూసిందే లేదు. విశాఖలో ముద్ర లేని పాలెట్‌ను కంటెయినర్ దరిదాపులకు కూడా రానివ్వరు. అంత తెలిసిన నేను కూడా కాగితాలే చూశాను గానీ కిందకు వంగి చూడలేదు. ఆ రెండు రోజుల ఆలస్యానికి మా కంపెనీ ఒక కస్టమర్ అసెంబ్లీ లైను ముందు తలదించుకోవలసి వచ్చింది.

రెండు రోజులంటే అంత పెద్ద విషయమా అనిపించవచ్చు. కార్ల పరిశ్రమ ‘జస్ట్ ఇన్ టైమ్’ పద్ధతిలో నడుస్తుంది. గోదాములో నిల్వ ఉండదు, నడుస్తున్న లారీయే గోదాము. 2017లో హోండా బ్రిటిష్ పార్లమెంటు కమిటీకి ఒక లెక్క ఇచ్చింది: సరిహద్దులో అదనంగా పావుగంట ఆలస్యమైతే తమకు ఏడాదికి 8.5 లక్షల పౌండ్ల దాకా ఖర్చు. రోజుల తరబడి ఆగడం గురించి కాదు, ప్రతి లారీకీ పావుగంట గురించి.

పెద్ద కంపెనీ ఇవన్నీ తట్టుకుంటుంది, నాలాంటి ఒకరిద్దరిని జీతానికి పెట్టుకుంటుంది. పన్నెండు మంది పనిచేసే చిన్న వర్క్‌షాపుకు ఆ వెసులుబాటు లేదు. అది నెలకు రెండు పెట్టెలు బెల్జియం పంపుతుంది. ఆ పెట్టెలు మరో పదిమంది సరుకుతో కలిసి ఒకే లారీలో వెళతాయి. అందులో ఎవరి కాగితం తప్పినా లారీ మొత్తం ఆగుతుంది. ఇలా రెండుసార్లు జరిగితే యజమాని ఐరోపా ఆర్డర్లు మానేస్తాడు. ఎక్కడా వార్త రాదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 2024లో లెక్క తీస్తే, ఒప్పందం తరువాత ఈయూకు ఎగుమతి పూర్తిగా మానేసిన బ్రిటిష్ సంస్థలు సుమారు 16,400 అని తేలింది. అంతకు ముందు ఎగుమతి చేస్తున్నవాటిలో ఏడింట ఒక వంతు. పెద్ద సంస్థల ఎగుమతులు దాదాపు నిలదొక్కుకున్నాయి. దెబ్బ తిన్నది చిన్నవారు.

అపోహ: మూతపడిన ప్రతి ఫ్యాక్టరీ బ్రెగ్జిట్ వల్లే మూతపడింది

ఇది అవతలి పక్షం వారి అపోహ. బ్రెగ్జిట్ నచ్చనివారు హోండా పేరు ఎత్తకుండా ఉండరు. స్విండన్‌లోని హోండా ఫ్యాక్టరీ 2021 జూలైలో మూతపడింది, సుమారు 3,500 ఉద్యోగాలు పోయాయి. కారణం బ్రెగ్జిట్ కాదని, విద్యుత్ వాహనాల వైపు మళ్ళడమని కంపెనీ చెప్పింది. ఆ మాటను నేను పూర్తిగా నమ్మను, పూర్తిగా కొట్టిపారేయను. 2019 ఫిబ్రవరి 1న జపాన్, ఈయూల వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. జపాన్‌లో చేసిన కారు మీద ఈయూ సుంకం ఏటేటా తగ్గుతూ పోయేలా అందులో రాసుకున్నారు. సుంకం తప్పించుకోవడానికే ఐరోపాలో ఫ్యాక్టరీ పెట్టిన కంపెనీకి ఇక ఆ అవసరం ఏముంది? అదే నెలలో స్విండన్ మూసివేత ప్రకటన వచ్చింది.

వేల్స్‌లో బ్రిడ్జెండ్ దగ్గర ఫోర్డ్ ఇంజన్ల ఫ్యాక్టరీ 2020లో మూతపడటానికి ఆ ఇంజన్లకు ఆర్డర్లు లేకపోవడం ప్రధాన కారణం. పోర్ట్ టాల్బట్‌లో టాటా స్టీల్ 2024 సెప్టెంబరులో చివరి బ్లాస్ట్ ఫర్నేసును ఆర్పేయడానికి నష్టాలు, కర్బన ఉద్గారాలు, విద్యుత్ ఫర్నేసుకు మారడం అనే కథ వేరే ఉంది. విశాఖ ఉక్కు పక్కన పెరిగినందుకేమో, ఆ వార్త చదివినప్పుడు మనసు కలుక్కుమంది. బ్రెగ్జిట్ ఖాతాలో మాత్రం వేయలేను.

బ్రిటన్‌లో తయారీ రంగ ఉద్యోగాలు 1970ల చివర్లో 60 లక్షలకు పైనే. ఇప్పుడు 26 లక్షల ప్రాంతంలో ఉన్నాయి. ఆ పతనంలో అత్యధిక భాగం ఈయూలో ఉండగానే జరిగింది. ఈశాన్య ఇంగ్లండ్‌లోని సండర్‌లాండ్ ఓటర్లలో 61 శాతం 2016లో బయటకు రావాలనే ఓటు వేయడం వెనక ఆ చరిత్ర ఉంది. బొగ్గు పోయింది, ఓడల నిర్మాణం పోయింది, నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఒక్కటే మిగిలింది. వారిని అమాయకులని తీసిపారేసేవారితో నాకు పేచీ.

అపోహ: నిరుద్యోగం పెరగలేదు కాబట్టి నష్టం జరగలేదు

బ్రెగ్జిట్ వల్ల వస్తుందన్న నిరుద్యోగం నిజంగానే రాలేదు. 2022లో అది 4 శాతం కన్నా కిందికి దిగి, 1974 తరువాత అత్యల్పమైంది. బయటకు వస్తే లక్షల ఉద్యోగాలు రాత్రికి రాత్రి పోతాయని 2016లో భయపెట్టినవారి అంచనా తప్పింది.

ఉన్న ఉద్యోగం పోతే లెక్కలోకి వస్తుంది. రావలసిన ఉద్యోగం రాకపోతే ఎవరు లెక్కిస్తారు? కార్ల కంపెనీ నడుస్తున్న మోడల్‌ను మధ్యలో ఆపి పారిపోదు. ఒక మోడల్ ఆరేడేళ్ళు నడుస్తుంది. నిర్ణయం జరిగేది తరువాతి మోడల్ ఎక్కడ అన్నప్పుడు. 2019 ఫిబ్రవరిలో నిస్సాన్, సండర్‌లాండ్‌కు ఇస్తానన్న ఎక్స్-ట్రెయిల్ మోడల్‌ను జపాన్‌లోనే చేస్తామని చెప్పేసింది. ఈయూతో భవిష్యత్ సంబంధం మీద అనిశ్చితి తమకు సాయపడటం లేదని కూడా అంది. ఆ రోజు సండర్‌లాండ్‌లో ఒక్క ఉద్యోగం కూడా పోలేదు. అక్కడ ఎన్నడూ తయారు కాని కారు కదా!

ఇదే నిస్సాన్ కథకు రెండో ముఖం ఉంది. ఒప్పందం కుదిరాక 2021 జనవరిలో, అప్పట్లో ఆ సంస్థలో రెండో స్థానంలో ఉన్న భారతీయుడు అశ్వనీ గుప్తా, బ్రెగ్జిట్ తమకు అవకాశంగా మారిందన్నారు. ఆరిజిన్ నిబంధన కారణంగా బ్యాటరీలు స్థానికంగా చేస్తే పోటీదారుల మీద పైచేయి వస్తుందని ఆయన లెక్క. ఆ జూలైలోనే బ్యాటరీ ఫ్యాక్టరీతో కలిపి 100 కోట్ల పౌండ్ల ప్రణాళిక ప్రకటించారు. నిబంధన ఒకటే. పెట్టుబడి పెట్టగలవాడికి నిచ్చెన, పెట్టలేనివాడికి గోడ.

మొత్తం మీద చూస్తే, బ్రిటన్‌లో 2016లో 17.2 లక్షల కార్లు తయారయ్యాయి. 2022లో 7.75 లక్షలు, అప్పటికి 1956 తరువాత అత్యల్పం. అందులో కోవిడ్ వాటా, చిప్‌ల కొరత వాటా పెద్దవే. బ్రిటన్ బడ్జెట్ అంచనాలు వేసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్, దీర్ఘకాలంలో దేశ ఉత్పాదకత ఈయూలో ఉంటే వచ్చేదానికన్నా 4 శాతం తక్కువగా ఉంటుందని లెక్క వేసుకుంది. ఇది చాప కింద నీరు. ఏ ఒక్క రోజూ కాలికి తడి తగలదు.

అపోహ: పౌండు విలువ పడితే ఎగుమతిదారుకు పండగ

ఫ్యాక్టరీలో అడుగుపెట్టని వారి మాట ఇది. ‘మినీ’ అనే బ్రాండు కారు క్రాంక్‌షాఫ్టు (ఇంజన్‌లో తిరిగే ఇరుసు) ప్రయాణం చూడండి. ఓటింగు జరిగిన రోజుల్లో అది ఫ్రాన్స్‌లో పోత పోసుకుని, వార్విక్‌షైర్‌లోని హామ్స్ హాల్‌కు వచ్చి రంధ్రాలు వేయించుకుని, మ్యూనిక్ వెళ్ళి ఇంజన్‌లో కూర్చుని, ఆ ఇంజన్‌తో పాటు ఆక్స్‌ఫర్డ్‌కు తిరిగి వచ్చి కారులో బిగుసుకునేది. ఆ కారు ఐరోపాలో అమ్ముడైతే నాలుగోసారి సముద్రం దాటేది. ఇలాంటి వస్తువును పడిపోయిన పౌండుతో అమ్మడం లాభమే, కానీ దాని భాగాలను ముందుగా అదే పడిపోయిన పౌండుతో కొనాలి కదా.

అపోహ: బయటివారు వెళ్ళిపోతే ఆ ఉద్యోగాలు స్థానికులకు వస్తాయి

మా లైను మీద పనిచేసే పోలండ్, రుమేనియా వారిలో కొందరు కోవిడ్ సమయంలో ఇళ్ళకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ ఖాళీలు నిండటానికి నెలలు పట్టింది. 2021 శరదృతువులో దేశమంతా పెట్రోలు బంకుల ముందు వరుసలు చూసింది. పెట్రోలుకు కొరత లేదు, ట్యాంకర్ నడిపే డ్రైవర్లకే కొరత. ప్రభుత్వం ట్యాంకర్, లారీ డ్రైవర్ల కోసం తాత్కాలిక వీసాలు ప్రకటించక తప్పలేదు.

బ్రెగ్జిట్ తరువాతి మొదటి ఏళ్ళలో వలస మొత్తంగా తగ్గలేదు కూడా. ఐరోపా నుంచి తగ్గి, మన దేశం లాంటి చోట్ల నుంచి పెరిగింది. చదువు అయ్యాక రెండేళ్ళు పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా 2021 జూలైలో వచ్చాక తెలుగు విద్యార్థులు ఎంతమంది దిగారో కోవెంట్రీ, లెస్టర్ వీధుల్లో నడిస్తే తెలుస్తుంది. ఒక్కటి మరిచిపోకండి, ఎం.ఎస్. చదివిన మన అబ్బాయి రుమేనియా వెల్డర్ స్థానాన్ని భర్తీ చేయడు.

అపోహ: సొంత నిబంధనలు వస్తే తయారీదారుకు భారం తగ్గుతుంది

వస్తువు ఈయూ నిబంధనలకు తగ్గట్టు ఉందని చెప్పే సీఈ గుర్తు బదులు బ్రిటన్ యూకేసీఏ అనే సొంత గుర్తు తెచ్చింది. గడువు పెట్టారు, జరిపారు, మళ్ళీ జరిపారు. చివరికి 2023 ఆగస్టులో చాలా రకాల వస్తువులకు సీఈ గుర్తే గడువు లేకుండా చెల్లుతుందన్నారు. ఈలోగా కొత్త పరీక్షలకు, కొత్త లేబుళ్ళకు డబ్బు పోసిన కంపెనీలు నోరు వెళ్ళబెట్టాయి. రెండు చోట్ల అమ్మేవాడికి రెండు నిబంధనల పుస్తకాలంటే స్వేచ్ఛ కాదు, రెండు బిల్లులు.

అపోహ: మిగతా ప్రపంచంతో ఒప్పందాలు ఆ లోటు పూడుస్తాయి

కొంత పూడుస్తాయి, కొంతే. 2024 డిసెంబరులో బ్రిటన్ పసిఫిక్ దేశాల కూటమి సీపీటీపీపీలో చేరింది. దీర్ఘకాలంలో జీడీపీకి దాని వల్ల కలిసేది 0.08 శాతమని ప్రభుత్వమే అంచనా వేసింది. బరువైన ప్రెస్ భాగాలను వియత్నాంకు పంపి ఎవరూ బాగుపడరు. ఇక్కడి డోవర్ రేవు నుంచి ఫ్రాన్స్‌లోని కలే రేవుకు ఓడలో గంటన్నర.

లాభం కనిపించిన చోటు కూడా చెప్పాలి. 2025లో అమెరికా సుంకాలు బాదినప్పుడు ఏటా లక్ష బ్రిటిష్ కార్లకు 10 శాతం రేటు దొరికింది, ఈయూ కార్లకు 15 శాతం పడింది. సొంతంగా బేరమాడుకునే వీలు లేకపోతే అది వచ్చేది కాదు. 2025 జూలై 24న భారత్‌తో సంతకాలైన ఒప్పందమూ అంతే. భీమవరం రొయ్యల ఎగుమతిదారులకు అందులో సుంకం మినహాయింపు ఉంది.

మన దేశం 2019 నవంబరులో ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ వాణిజ్య కూటమిలో చేరకపోవడం కూడా బ్రెగ్జిట్ లాంటిదేనా అని ఒక మిత్రుడు అడిగాడు. కాదు. కట్టని గోడను కూల్చే పని ఉండదు. ఆర్‌సెప్‌ను నమ్ముకుని మన ఫ్యాక్టరీలు అల్లుకోలేదు. బ్రిటన్ నలభై ఏడేళ్ళు లోపల ఉండి అల్లుకుంది.

ప్రస్తుతం నా టేబుల్ మీద ఉన్నది 2027 ఫైలు. విద్యుత్ కార్లకు ఇచ్చిన ఆరిజిన్ సడలింపు 2026తో ముగుస్తుంది. ఆ తరువాత కారు విలువలో సగానికి పైగా, బ్యాటరీతో సహా, బ్రిటన్‌లోనో ఈయూలోనో పుట్టి ఉండాలి. లేకపోతే 10 శాతం సుంకం. మా భాగం ఎంత ‘బ్రిటిష్’ అని కస్టమర్ అడుగుతాడు, నేను మా సప్లయర్లను అడుగుతాను, వారు వారి సప్లయర్లను అడుగుతారు. ఈ వారం నలభై రెండు ఉత్తరాలు పంపాను. పదకొండు జవాబులు వచ్చాయి, అందులో మూడింటిలో పుట్టిన దేశం గడిలో తమ ఆఫీసు చిరునామా రాశారు.