త్రీడీ వాతావరణ రాడార్ చిత్రాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: తెర మీద తిప్పి చూసే ఆ ఆకారం మేఘానికి రాడార్ తీసిన త్రీడీ ఫొటో.

వాస్తవం: సాధారణ వాన రాడార్‌కు ముఖ్యంగా కనిపించేవి వాన చినుకులు, వడగళ్లు, మంచు. మేఘంలోని సన్నని నీటి తుంపరలు దాదాపు కనిపించవు. పైగా యాంటెన్నా ఒక కోణంలో చుట్టూ తిరిగి, కొంచెం పైకి లేచి మళ్లీ తిరుగుతుంది. అమెరికాలోని డబ్ల్యూఎస్ఆర్-88డీ రాడార్లు ఉరుముల వానలకు వాడే ఒక పద్ధతిలో 0.5 నుంచి 19.5 డిగ్రీల దాకా 14 కోణాలు చూస్తాయి. అందుకు సుమారు నాలుగున్నర నిమిషాలు పడుతుంది. మన చేతికి వచ్చేవి ఒకదానిలో ఒకటి ఒదిగిన శంకువులు మాత్రమే. వాటి మధ్య ఖాళీని సాఫ్ట్‌వేర్ అంచనా వేసి నింపుతుంది. ఈలోగా గంటకు 60 కిలోమీటర్ల వేగంతో కదిలే వాన నాలుగు కిలోమీటర్లకు పైగా జరిగిపోతుంది. దాన్ని సరిదిద్దకపోతే నిటారుగా ఉన్నది కూడా ఒరిగినట్టు కనిపిస్తుంది.

అపోహ: త్రీడీ ఆకారం ఉపరితలం ఎంత నున్నగా ఉంటే సమాచారం అంత కచ్చితం.

వాస్తవం: ఒక డిగ్రీ వెడల్పున్న రాడార్ కిరణం 100 కిలోమీటర్ల దూరంలో దాదాపు 1.75 కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. కిరణానికి అడ్డంగా అంతకన్నా చిన్న వివరం అక్కడ కనిపిస్తే అది సాఫ్ట్‌వేర్ చెక్కినదే. అందుకే ముడి కొలతలను నునుపు చేయకుండా చూపే సదుపాయం లేని సాఫ్ట్‌వేర్‌ను హెచ్చరికల పనికి నేను సిఫార్సు చేయను.

అపోహ: రాడార్ నెత్తిన కనిపించే ఖాళీ అంటే అక్కడ వాన లేదని.

వాస్తవం: 19.5 డిగ్రీలకు పైన యాంటెన్నా చూడనే లేదు. 10 కిలోమీటర్ల ఎత్తులో ఆ గుడ్డి ప్రాంతం చుట్టూ 28 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

అపోహ: డాప్లర్ వేగాన్ని త్రీడీలో చూస్తే గాలి అసలు దిశ తెలుస్తుంది.

వాస్తవం: ఒక్క రాడార్ కొలిచేది తన వైపు వచ్చే, తన నుంచి దూరమయ్యే వేగాన్ని మాత్రమే. అడ్డంగా వీచే గాలి దానికి సున్నా.

అపోహ: త్రీడీ వచ్చాక పాత చదును పటం అక్కర్లేదు.

వాస్తవం: నేను ముందు అన్నిటికన్నా కింది కోణం పటమే చూస్తాను. నేలకు దగ్గరగా ఏం జరుగుతోందో అదే చెబుతుంది. త్రీడీ అసలు బలం ఎత్తుల్లో ఉంది. 50 డీబీజెడ్ (వాన నుంచి రాడార్‌కు తిరిగొచ్చే ప్రతిధ్వని బలానికి కొలమానం) హద్దుతో ఆకారం గీయించి, దాని పక్కన నీరు గడ్డకట్టే ఎత్తును గీతగా పెడతాను. ఆ ఆకారం గీత దాటి చాలా పైకి పెరిగితే వడగళ్ల అనుమానం బలపడుతుంది. 30 డీబీజెడ్ ఎంచుకుంటే లోపలి ఆ బలమైన భాగం పైపొర వెనక దాగిపోతుంది. నిలువు కొలతను మూడింతలు సాగదీసి ఉంటే మామూలు వాన కూడా భయపెట్టే గోపురంలా లేస్తుంది కాబట్టి, ఎవరికైనా చిత్రం పంపేటప్పుడు ఎన్ని రెట్లు సాగదీశామో దాని మీదే రాయాలి.